స్వరం వినగానే అది ఏదో గుర్తుపట్టడం ఎలా?

ఏ ఆధారమూ లేకుండా విన్న స్వరం పేరు చెప్పేయడం పెద్దయ్యాక అలవడడం చాలా అరుదు, దాని వెంట పడకండి. పాటకు నిజంగా పనికొచ్చేది షడ్జంతో, అంటే ఆధార స్వరమైన స తో, పోల్చి గుర్తుపట్టడం. అది సాధనతో వస్తుంది.

శ్రుతిపెట్టెలోనో యాప్‌లోనో ఒకే షడ్జం మోగుతూ ఉంచండి. మొదట స, ప, పై స చాలు. ఎవరినైనా కీబోర్డు మీద వరస తప్పించి వాయించమనండి. వినగానే పేరు చెప్పకండి. ముందు ఆ స్వరాన్ని గొంతులో పట్టుకోండి, అక్కణ్ణుంచి స దాకా మెట్టుమెట్టుగా దిగండి, అప్పుడు చెప్పండి. పదింటికి తొమ్మిది సరిపోతుంటే అంతర గాంధారం (గ), శుద్ధ మధ్యమం (మ) చేర్చండి. రోజుకు 10 నిమిషాలు మించొద్దు, చెవి అలిసిపోయాక చెప్పేదంతా ఊహే.

ఎక్కువమంది తడబడేది మ, ప దగ్గర. పంచమం (ప) షడ్జంలో ఒదిగిపోయి నిలకడగా ఉంటుంది. మధ్యమం మాత్రం కింది గాంధారంలోకి జారిపోవాలన్నట్టు లాగుతుంది. ఆ లాగుడునే వినండి.

ఇక శ్రుతి కలిసిందో లేదో తెలియాలంటే అలల్లాంటి ఊగు వినండి: 440, 442 హెర్ట్జ్ స్వరాలు కలిసి మోగితే సెకనుకు 2 సార్లు నాదం పెరిగి తగ్గుతుంది. ఊగు ఆగితే కలిసినట్టే.

ఒకే వాద్యం మీద సాధిస్తే చెవి దాని ధ్వనికే అలవాటుపడుతుంది. అందుకే వాద్యాన్నీ, షడ్జాన్నీ అప్పుడప్పుడూ మార్చండి.