పాత రౌటర్ పనిచేస్తూనే ఉంటే మార్చాలా? ఫైర్‌వాల్ విడిగా కొనాలా?

బ్రాడీపేటలో ఉంటున్నారు, రౌటర్ కొని ఏడేళ్లయింది, సాయంత్రమైతే నెట్ ఈడుస్తోంది, రౌటర్ మార్చేసి ఫైర్‌వాల్ డబ్బా కూడా పెట్టించమని షాపతను అంటున్నాడు. మీ ప్రశ్న ఇదే కదండీ. మాది బెజవాడ సత్యనారాయణపురం. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో నెట్ మొరాయించినా పిలుపు నాకే వస్తుంది, కాబట్టి చూసినంతలో చెబుతాను.

షాపుకి వెళ్లే ముందు లాప్‌టాప్‌ని వైరుతో రౌటర్‌కి కలిపి స్పీడ్ చూడండి. వైరులో బాగా వచ్చి వైఫైలో రాకపోతే, చుట్టుపక్కల ఇళ్ల సిగ్నళ్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్‌లో కిక్కిరిసి ఉండొచ్చు. ఫోన్లు, టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. పాతదానిలో ఆ బ్యాండే లేదంటే మాత్రం మార్చాల్సిందే. ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ రావట్లేదని చెప్పే) ఎర్రలైటు వెలుగుతుంటే తప్పు లైనుది, కేబుల్ వాళ్లని పిలవండి.

300 ఎంబీపీఎస్ స్పీడ్ ప్లాన్ కట్టినా వైరులో 94 దగ్గరే ఆగిపోతుంటే ఆ రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి అయ్యుండొచ్చు. లేదా కేబుల్ దెబ్బతిని ఉండొచ్చు. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, లోపలి ఎనిమిది తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. మా పైఫ్లోర్‌లో అటక మీద ఎలుక కొరికింది రెండు తీగలే. నెట్ వస్తూనే ఉంది, స్పీడే లేదు. కొత్త రౌటర్ కొన్నా వాళ్లకి అదే 94 వచ్చేది.

ఇంకోటి అడాప్టర్. మన ఎండలకి, కరెంటు హెచ్చుతగ్గులకి రౌటర్ కన్నా ముందు అదే పోతుంది. మే నెల మధ్యాహ్నం రౌటర్ దానంతటదే ఆఫై ఆనవుతుంటే, అదే వోల్టేజీ, అదే పిన్ను, ఆంపియర్లు తగ్గకుండా ఇంకో అడాప్టర్ పెట్టి చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా మార్చాల్సిన కారణం ఒకటుంది: కంపెనీ ఆ మోడల్‌కి అప్‌డేట్లు ఆపేయడం. రౌటర్ వయసు నేను లైట్లని చూసి కాదు, దీన్ని చూసి లెక్కేస్తాను. కంపెనీ సైట్‌లో మోడల్ నంబరు కొట్టి చివరి ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) తేదీ చూడండి. 2025 మేలో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది సరిగ్గా ఇలాంటి వాటి గురించే. సపోర్ట్ ఆగిపోయిన రౌటర్లలోకి రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటినుంచే రౌటర్ సెట్టింగులు మార్చే సదుపాయం) దారిన చొరబడి, వాటిని నేరగాళ్లకి ప్రాక్సీలుగా అమ్ముతున్నారని. అంటే దొంగ పని వేరేవాడిది, అడ్రస్ మనది. మీది నెట్ వాళ్లే ఇచ్చిన డబ్బా అయితే సొంతంగా కొనకండి, కొత్త మోడల్ ఇమ్మని వాళ్లనే అడగండి. గట్టిగా అడిగితే ఇస్తారు, ఊరికే అడిగితే రేపంటారు.

ఫైర్‌వాల్ సంగతికొస్తే, ఇంటికి విడిగా డబ్బా అక్కర్లేదండీ. రౌటర్‌లో ఒకటి ఉంటుంది, విండోస్‌లో ఒకటి ఉంటుంది. మీరు అడగకుండా బయటినుంచి వచ్చేదాన్ని ఆపడమే దాని పని. రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకుంటే చాలు. మీ కనెక్షన్‌కి ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రస్) వస్తుంటే దానికి కూడా ఫైర్‌వాల్ ఆన్‌లో ఉండాలి, ఎందుకంటే అందులో ఇంట్లో ఒక్కోదానికీ నేరుగా బయటి అడ్రస్ దొరుకుతుంది. రౌటర్ సెట్టింగుల్లో రిమోట్ మేనేజ్‌మెంట్, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్ నంబరుతోనో వైఫైకి కలిపేది), యూపీఎన్‌పీ (పరికరాలు రౌటర్‌లో తమంతట తామే దారి తెరుచుకునేది) ఆఫ్ చేయండి. యూపీఎన్‌పీ ఉంటే సీసీ కెమెరా మిమ్మల్ని అడక్కుండానే బయటికి తలుపు తీసి పెడుతుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ లక్షల పరికరాల్ని పట్టుకుంది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రౌటర్ల వల్లే. కెమెరాలని, టీవీని గెస్ట్ వైఫైలో (రౌటర్ విడిగా ఇచ్చే రెండో వైఫై) పెట్టేయండి.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైల్‌ని (ఫోన్‌లో యాప్ ఎక్కించేది) మాత్రం ఇవేవీ ఆపవు. దాన్ని లోపలికి పిలిచేది మనమే కదా.

కొత్తది కొనాల్సి వస్తే వైఫై 6, డబ్ల్యూపీఏ3 (వైఫై పాస్‌వర్డ్ భద్రతలో కొత్త పద్ధతి), గిగాబిట్ పోర్టులు ఉన్నాయా అని అడగండి. యాంటెన్నాలు ఎన్నున్నాయో లెక్కపెట్టక్కర్లేదు. పాతదాన్ని ఎవరికైనా ఇచ్చే ముందు రీసెట్ రంధ్రంలో పిన్నుతో లైట్లన్నీ ఒకసారి మిణుకుమనే దాకా నొక్కి పట్టండి. వైఫై పాస్‌వర్డ్, కనెక్షన్ లాగిన్ రెండూ అందులోనే ఉంటాయి.