కాంటాక్టర్ ఆగితే మాడ్యూల్ రీసెట్ అవుతోంది

ప్రశ్న: లైటింగ్ ప్యానెల్‌బోర్డులో 24 వోల్టుల కంట్రోల్ మాడ్యూల్ బిగించాం. దాని రిలే 230 వోల్టుల కాంటాక్టర్‌ను (లైట్లను ఆన్-ఆఫ్ చేసే విద్యుదయస్కాంత స్విచ్) నడుపుతుంది. లైట్లు ఆపినప్పుడల్లా మాడ్యూల్ రీసెట్ అవుతోంది. మాడ్యూల్ మార్చినా అంతే. ఎందుకు?

జవాబు: మాడ్యూల్‌ది తప్పు కాకపోవచ్చు. కాంటాక్టర్ కాయిల్‌కు (లోపలి తీగచుట్ట) కరెంటు తెగిన క్షణంలో అందులోని అయస్కాంత శక్తి వందల వోల్టుల స్పైక్‌గా బయటపడుతుంది, దానికే మాడ్యూల్ రీసెట్ అవుతుండొచ్చు. ఏసీ కాయిల్ రెండు కొసలైన ఎ1, ఎ2 టెర్మినల్స్ మీదే ఆర్‌సీ స్నబ్బర్ (స్పైక్‌ను అణిచే రెసిస్టర్, కెపాసిటర్ జత) పెట్టండి: 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్, కెపాసిటర్ మెయిన్స్‌కు తగిన ఎక్స్2 రకం. రిలే కాంటాక్టు మీద మాత్రం వద్దు. అక్కడ పెడితే, రిలే తెరుచుకున్నా 50 హెర్ట్జ్ దగ్గర స్నబ్బర్ గుండా సుమారు 7 మిల్లీఆంపియర్లు కారుతుంది, చిన్న కాయిల్ కాంటాక్టర్‌ను వదలకుండా పట్టుకునే ఉండొచ్చు. డీసీ కాయిల్ అయితే డయోడ్ చాలు, కాథోడ్ పాజిటివ్ వైపు. కాంటాక్టర్ వదలడం కాస్త ఆలస్యమవుతుంది, లైట్లకు అది లెక్కలోకి రాదు.

తర్వాత వైర్ల దారి చూడండి. సిగ్నల్ వైర్లూ 230 వోల్టుల వైర్లూ ఒకే డక్ట్‌లో కట్టగట్టి ఉంటే విడదీయండి. తప్పనిసరిగా దాటాల్సిన చోట అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ను (చుట్టూ ఉండే లోహపు పొర) ఒక కొసనే ఎర్త్ చేయడం మామూలు, మాడ్యూల్ మాన్యువల్ వేరేలా చెబితే అదే పాటించండి. పోగుల వైరుకు ఫెరూల్ (కొసకు నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టం) తప్పదు. ఒకే టెర్మినల్‌లో రెండు వైర్లుంటే జంట ఫెరూల్ వాడండి.

మెయిన్ బ్రేకర్ ఆపినా కంట్రోల్ సప్లై వేరే సర్క్యూట్ నుంచి వస్తుండొచ్చు. రెండూ ఆపి, టెస్టర్‌తో చూశాకే చేయి పెట్టండి.