కొత్త టీవీలో బొమ్మ మసకెందుకు?

ప్రశ్న: పండక్కి 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ కొన్నాం. పాత కేబుల్ బాక్సే తగిలిస్తే బొమ్మ మసగ్గా వస్తోంది. ఎక్కువ ఖర్చు పెట్టలేను, ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, కావలి

జవాబు: టీవీని అనుమానించకండి. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు వేసుంటారు, అందులో హెచ్‌డీ రాదు, మామూలు ఛానల్‌కుండే 576 గీతల బొమ్మనే మీ టీవీ 1080 గీతలకు సాగదీస్తోంది. ముందు మీ కేబుల్ ఆయన్ని హెచ్‌డీ బాక్సు అడగండి. దాన్ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ వైరు మామూలుది చాలు, బంగారు పూతంటూ షాపులో అంటగట్టేది రెండు మీటర్ల దూరానికి శుద్ధ దండగ. ఛానళ్లు కూడా ఇంట్లో నిజంగా చూసేవే హెచ్‌డీలో తీసుకోండి, మిగతావాటికి డబ్బులెందుకు? టీవీ సెట్టింగ్స్‌లో పిక్చర్ మోడ్ వివిడ్ నుంచి సినిమాకు మార్చండి, మొదట్లో కాస్త పసుపుగా అనిపించినా మనుషుల ముఖాలు సహజంగా కనిపిస్తాయి.