ఒక్క ఎంజైమును నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మాది హిందూపురం. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాము. మా అమ్మాయి బి.ఎస్సి. బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం. తరగతిలో ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము గురించి సెమినారు చెప్పినప్పటి నుంచి దాని మీదే పరిశోధన చేస్తానంటోంది. అది నాడీకణాల మీద సంకేతాలు అందుకునే రిసెప్టర్లను ఒకదానికొకటి అతికించి పనికిరాకుండా చేస్తుందట. డిగ్రీ కాగానే కంప్యూటర్ కోర్సులో చేరమంటే మొహం ముడుచుకుంటోంది. ఈ ఎంజైముతో బతుకుతెరువు ఉంటుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఒక్క ఎంజైముతో ఎవరికీ బతుకుతెరువు ఉండదు. అయితే దాన్ని పట్టుకోవడానికి నేర్చుకునే పనికి మీరుండే బెంగళూరులోనే గిరాకీ ఉంది. అమ్మాయి ఎందుకు మోజుపడిందో ముందు చెబుతాను.

ఈ ఎంజైము ఒక ప్రొటీనులోని గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని మరో ప్రొటీనులోని లైసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిపి ముడి వేస్తుంది. అందుకు కాల్షియం కావాలి. కణం లోపల స్వేచ్ఛగా తిరిగే కాల్షియం బయట ఉన్నదానిలో సుమారు పదివేలో వంతే కాబట్టి మామూలు రోజుల్లో అది నిద్రలోనే ఉంటుంది. నాడీకణం దెబ్బతిని కాల్షియం లోపలికి పోటెత్తితే మేలుకుంటుంది. అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకల మెదడులో యాంజియోటెన్సిన్ అనే హార్మోను సంకేతాన్ని అందుకునే ఎటి2 రిసెప్టర్లు ఇలాగే గుంపులుగా ముడిపడి, కణంలో సంకేతాలు మోసే జి-ప్రొటీన్లను కూడా తమతో బందీ చేస్తాయని 2009లో ఒక పరిశోధన చూపింది. ఎలుకల్లో తేలింది మనుషులకు మందుగా మారడానికి చాలా దూరం ఉందని అమ్మాయికి గుర్తుచేయండి.

ఇక ప్రయోగశాలలో జరిగేది ఇదీ. ప్రొటీన్లను డిటర్జెంటుతో, మెర్కాప్టోఇథనాల్‌తో కలిపి మరిగించి, బరువును బట్టి వాటిని విడదీసే జెల్ మీద నడిపిస్తారు. మామూలు బంధాలన్నీ జారుముడుల్లా ఊడిపోతాయి. ఈ ఎంజైము వేసింది మాత్రం పీటముడి, మరిగించినా వీడదు. అందుకే రిసెప్టరు తన బరువుకు తగిన చోట కాకుండా రెట్టింపు బరువు దగ్గర, ఒక్కోసారి జెల్ పైఅంచునే ఆగిపోయి గీతలా కనిపిస్తుంది. కాల్షియాన్ని పట్టేసే ఇజిటిఎ అనే రసాయనం కలిపిన గొట్టంలోని ప్రొటీన్లకు జెల్ మీద ఆ గీత రాకూడదు. వస్తే పని మళ్లీ మొదటికి వచ్చినట్టే! సెమినారులో రంగుల బొమ్మ చూపించడం వేరు, మూడు వారాలు వరుసగా ఖాళీ జెల్ చూసి నాలుగో వారం మళ్లీ పోయడం వేరు. అమ్మాయికి ఈ రెండోది నచ్చుతుందా అన్నదే నా సందేహం.

నచ్చితే దారులు ఇరుకు కావు. 1950ల చివర్లో ఈ ఎంజైముకు పేరు పెట్టిన హైన్‌రిష్ వేల్ష్ మెదడు రసాయనశాస్త్రం చదివినవాడు. ఆయన బృందం దాన్ని పట్టింది మాత్రం గినీపంది కాలేయంలో. గాయమైనప్పుడు రక్తపు గడ్డను గట్టిపరిచే ఫ్యాక్టర్ 13 ఇదే కుటుంబానిది. గోధుమ పడని సీలియాక్ జబ్బులో శరీరం తిరగబడేది ట్రాన్స్‌గ్లుటమినేజ్ మీదేనని 1997లో తేలింది. 2021లో దీన్ని అడ్డుకునే ఒక మందు ఆ రోగుల పేగును గోధుమ నుంచి కొంత కాపాడింది. అంటే ప్రొటీన్లను శుద్ధిచేసి, కొలిచి, ముడులు పట్టుకోవడం వచ్చినవాళ్లు కాలేయం నుంచి పేగుకూ పేగు నుంచి మెదడుకూ మారగలరు. మెదడు ఒక్కటే చేస్తానని ఇప్పుడే గిరి గీసుకోవద్దనండి.

ఎం.ఎస్సి. తరవాత ఆగితే బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీ వైపు బయోకాన్, సింజీన్ వంటి సంస్థల్లో ఇదే రకం పని ఉంటుంది. పరిశోధనే కావాలంటే ఐ.ఐ.ఎస్సి., ఎన్.సి.బి.ఎస్., జక్కూరులోని జె.ఎన్.సి.ఎ.ఎస్.ఆర్., నిమ్హాన్స్ వంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఐ.ఐ.ఎస్సి. ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే ప్రవేశపరీక్ష రాయాలి, ఎన్.సి.బి.ఎస్.కు టి.ఐ.ఎఫ్.ఆర్. ప్రవేశపరీక్ష. ఎక్కడైనా పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. 2023 నుంచి పరిశోధక విద్యార్థులకిచ్చే జె.ఆర్.ఎఫ్. భృతి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లకు 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. పక్కింటి ఐటి కుర్రాడి జీతంతో పోల్చుకుంటే ఇంట్లో రోజూ గొడవే. ఆ లెక్క ఇప్పుడే అమ్మాయి ముందు కాగితం మీద వేయండి.

కంప్యూటర్ కోర్సు మాట పూర్తిగా వదిలేయకండి. గణాంకాలు, కాస్త పైథాన్ నేర్చుకుంటే జెల్ గీతల లెక్కకు పనికొస్తుంది, పరిశోధన వద్దనుకున్న రోజున చేతిలో ఇంకో పని ఉంటుంది. దాన్ని శిక్షలా కాకుండా ఇలా చెబితే వింటుందేమో చూడండి.

ముందు ఒక్క వేసవి ప్రయోగశాలలో గడపనివ్వండి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా రెండు నెలల వేసవి ఫెలోషిప్పులు ఇస్తాయి. అందుకు ఉపాధ్యాయుల సిఫారసు లేఖ కావాలి. సెమినారు విన్న మాస్టారినే అడగమనండి.