జర్నలిజం కోర్సులో చేరే ముందు అడగాల్సిన ప్రశ్న

ప్రశ్న: సర్, రెండేళ్లుగా మా స్కూల్ మ్యాగజైన్‌కి రాస్తున్నాను. యూనివర్సిటీలో జర్నలిజం చదవాలని ఉంది. నాన్నగారేమో "రిపోర్టర్‌కి డిగ్రీతో పనేముంది? ఎకనామిక్స్ చదువు. అసలు మీడియాలో ఉన్న ఉద్యోగాలే పోతున్నాయి" అంటున్నారు. ఏం తేల్చుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఈ సెలవుల్లో నేను చేయగలిగింది ఏమైనా ఉంటే అదీ చెప్పండి.

జవాబు: అమ్మా, మీ నాన్నగారి మాటలు కొట్టిపారేసేవి కావు. డాక్టరుకీ లాయరుకీ పట్టా లేనిదే ప్రాక్టీస్ లేదు. జర్నలిస్టుకి చాలా దేశాల్లో అలాంటి నిబంధనే లేదు. బ్రెజిల్‌లో ఒకప్పుడు డిప్లొమా ఉంటేనే ఈ వృత్తిలోకి రానిచ్చేవారు. 2009లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిబంధననూ కొట్టేసింది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవి పోవడానికి కారణమైన వాటర్‌గేట్ కుంభకోణాన్ని తవ్వి తీసిన ఇద్దరు రిపోర్టర్లలో కార్ల్ బెర్న్‌స్టీన్ డిగ్రీ పూర్తి చేయలేదు, పదహారేళ్లకే ఒక పత్రికలో కాపీ బాయ్‌గా, అంటే రాసిన కాగితాలు అటూ ఇటూ మోసే కుర్రాడిగా చేరాడు. రెండో ఆయన బాబ్ వుడ్‌వర్డ్ యేల్‌లో చదివింది చరిత్ర, ఇంగ్లిష్ సాహిత్యం.

ఇంతవరకూ నాన్నగారిదే గెలుపు. కానీ వుడ్‌వర్డ్ సంగతి ఇంకొంచెం ఉంది. 1970లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక అతన్ని రెండు వారాలు పెట్టుకుని చూసింది. రాసినవాటిలో ఒక్కటీ అచ్చు కాలేదు. పని రాదని పంపేశారు. ఓ చిన్న వారపత్రికలో ఏడాది పాటు పనిచేసి, 1971లో మళ్లీ పోస్ట్ గుమ్మం ఎక్కాడు. వాటర్‌గేట్ ఆ తర్వాతి ఏడాదే. అంత పెద్ద యూనివర్సిటీ చదువు ఇవ్వనిదేదో ఆ చిన్న పత్రికలో అతనికి దొరికింది. జర్నలిజం డిగ్రీ ఇవ్వాల్సింది సరిగ్గా అదే. ఇవ్వగలిగితే మూడు నాలుగేళ్లు పెట్టొచ్చు, ఇవ్వలేకపోతే నాన్నగారు చెప్పినట్టు ఎకనామిక్స్ చదవడమే మేలు.

మరి చేరకముందే అది తెలుసుకోవడం ఎలా? సిలబస్ చూస్తే తెలియదు. అన్ని కోర్సుల సిలబస్‌లూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి: రిపోర్టింగ్, ఎడిటింగ్, మీడియా చరిత్ర, చట్టాలు, వీడియో ప్రొడక్షన్. స్టూడియో ఫొటోలు చూసి అసలు నిర్ణయించుకోవద్దు. అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురు సీనియర్లని పట్టుకుని ఒక్కటే అడుగు: "వారానికి ఎన్ని కాపీలు రాయిస్తారు? దిద్ది వెనక్కి ఇచ్చేదెవరు?" కాపీ అంటే రిపోర్టర్ రాసిచ్చే వార్త. 1908లో అమెరికాలో మిస్సోరి యూనివర్సిటీ జర్నలిజం స్కూల్ పెట్టినప్పుడు, క్లాసులు మొదలైన రోజే విద్యార్థులు పేపర్ బయటికి తెచ్చారు. ఆ స్కూల్ పెట్టిన వాల్టర్ విలియమ్స్ కాలేజీ మెట్లెక్కని మనిషి. ఈ పని చేతితో చేస్తేనే వస్తుందని ఆయనకి బాగా తెలుసు.

దిద్దడం అంటే ఏమిటో చూపిస్తాను. కొత్తగా చేరిన విద్యార్థి ఇచ్చే కాపీ ఎక్కువగా ఇలా మొదలవుతుంది: "నిన్న జరిగిన ఘోర రోడ్డు ప్రమాదంలో పలువురు తీవ్రంగా గాయపడినట్లు తెలిసింది." చదవడానికి అచ్చం వార్తలాగే ఉంది కదా? మంచి టీచర్ దాని మీద ఎర్ర పెన్నుతో ఇలా రాస్తాడు. ఎక్కడ? ఎన్ని గంటలకి? "పలువురు" అంటే ముగ్గురా, పదమూడు మందా? "తీవ్రంగా" అన్నది డాక్టరా, నువ్వా? "తెలిసింది" సరే, ఎవరి ద్వారా? ఆస్పత్రికి ఫోన్ చేశావా? "ఘోర" తీసెయ్, అంకెలు చెబితే చదివేవాడికి తెలుస్తుంది. ఒక్క వాక్యానికి ఇన్ని ప్రశ్నలు. వాటికి జవాబులు కనుక్కోవడానికి నువ్వు మళ్లీ బయటికి వెళ్లాలి. ఇలా ఓ వంద కాపీలు వెనక్కి వచ్చాక, రాసేటప్పుడే ఆ ప్రశ్నలు నీకు వినపడడం మొదలవుతాయి. ఉద్యోగంలో చేరాక ఇంత ఓపికగా ఎవరూ నేర్పరు. వార్తలు దిద్దే డెస్క్‌లో సబ్ ఎడిటర్‌కి టైం ఉండదు, నీ కాపీని తనే తిరగరాసి పేజీలో పెట్టేస్తాడు. ఏం తప్పు చేశావో నీకు తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. నా దృష్టిలో యూనివర్సిటీలో దొరికే అసలు లాభం ఇదే: నీ తప్పుల్ని నీకు చూపించే తీరిక అక్కడి వాళ్లకి ఉంటుంది.

రెండో లాభం చట్టం, విలువల పేపర్లు. విద్యార్థులు వీటిని బోర్ అనుకుని పరీక్షకి ముందు రాత్రి చదువుతారు. నేను ఇలా ఉత్తరాలకి జవాబులు రాయడం మొదలుపెట్టకముందు కొన్నేళ్లు పత్రిక డెస్క్‌లో ఉన్నాను. ఒక రాత్రి మోసం కేసులో అరెస్టయిన వ్యక్తి వార్త వచ్చింది. ఫొటో కావాలి, టైం లేదు. పాత ఫైల్లో అదే పేరుతో ఉన్న ఫొటో తీసి పెట్టాను. పేరు ఒకటే, మనిషి వేరు. మర్నాడు పొద్దున ఆయన ఫోన్ చేశాడు. అరవలేదు. "మా అమ్మాయి స్కూలుకి వెళ్లనంటోంది సర్" అన్నాడు, అంతే. సవరణ వేశాం, క్షమాపణ చెప్పాం. ఆ సవరణ చదివినవాళ్లు ఎందరు? పరువునష్టం, ప్రైవసీ, కోర్టు ధిక్కరణ అనే మాటలు క్లాసులో విన్నప్పుడు నీకు ఆ అమ్మాయి గుర్తుకురావాలని ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇక ఎకనామిక్స్ విషయం. నాన్నగారు చెప్పిన సబ్జెక్టుని జర్నలిజానికి పోటీగా చూడొద్దు. వాక్యం నిర్మించడం వచ్చిన రిపోర్టర్లకి కొరత లేదు. బ్యాలెన్స్ షీట్ చదవగలిగినవాళ్లు, కోర్టు తీర్పు అర్థం చేసుకోగలిగినవాళ్లు, వైద్య పరిశోధనలో లొసుగు పట్టుకోగలిగినవాళ్లు ఏ న్యూస్‌రూంలో అయినా తక్కువే. 2016లో పనామా పేపర్స్, అంటే ఒక లా కంపెనీ నుంచి లీకైన రహస్య పత్రాలు, బయటికొచ్చినప్పుడు జర్నలిస్టుల ముందున్నవి కోటీ పదిహేను లక్షల పత్రాలు. పేరుకే తప్ప వ్యాపారం లేని డొల్ల కంపెనీ ఎలా పనిచేస్తుందో, అసలు యజమాని పేరు ఎక్కడ దాక్కుంటుందో తెలియనివాళ్లకి అది చిత్తు కాగితాల కుప్ప. అందుకే జర్నలిజం మేజర్‌తో పాటు ఎకనామిక్స్‌ని మైనర్‌గా ఇచ్చే కోర్సు దొరికితే కళ్లు మూసుకుని చేరిపో. దొరక్కపోతే డిగ్రీ ఎకనామిక్స్‌లో చేసి, పీజీ జర్నలిజంలో చెయ్. రెండు దారులూ మంచివే. నన్ను ఒకటే ఎంచమంటే రెండోదే ఎంచుతాను, కాకపోతే ఒక షరతు: డిగ్రీ చదివే మూడేళ్లూ క్యాంపస్ పత్రికకి రాస్తూనే ఉండాలి.

క్యాంపస్ పత్రిక అంటే చిన్నచూపు వద్దు. 2022 చివర్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థుల పత్రికలో ఒక ఫస్టియర్ కుర్రాడు తమ యూనివర్సిటీ ప్రెసిడెంట్ పరిశోధన పత్రాల్లోని బొమ్మల్ని మార్చారన్న అనుమానాల గురించి వరసగా రాశాడు. యూనివర్సిటీ విచారణ వేసింది. ప్రెసిడెంట్ స్వయంగా మోసం చేయలేదని, అయితే తప్పులు బయటపడ్డాక సరిదిద్దడంలో విఫలమయ్యారని విచారణలో తేలింది. 2023 జూలైలో ఆయన పదవి నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించారు. వార్త రాసినవాడు నీకంటే ఏడాదో రెండేళ్లో పెద్ద, అంతే.

ఉద్యోగాల గురించి నాన్నగారికి నా తరఫున నిజమే చెప్పు. అచ్చు పత్రికల ప్రకటనల ఆదాయం ఇంటర్నెట్ వైపు పోయింది, దాంతో న్యూస్‌రూంలు చిన్నవయ్యాయి. మొదటి కొన్నేళ్లు జీతం తక్కువ, నైట్ షిఫ్టులు ఎక్కువ. ప్రెస్ నోట్‌ని వార్తగా మార్చడం, మ్యాచ్ స్కోరు రాయడం లాంటివి సాఫ్ట్‌వేర్లే చేసేస్తున్నాయి. టీవీలో కనిపించాలన్న కోరికతోనే వస్తుంటే ఇప్పుడే ఆగిపో అని నిర్మొహమాటంగా చెబుతాను. నీ ఉత్తరంలో ఆ మాట లేదు, అందుకే ఇంత రాస్తున్నాను. ఇంకో సంగతి కూడా ఆయనకి చెప్పు: నలుగురిని అడిగి, సరిచూసి, గంటలో తేటగా రాయగల నేర్పు ఫ్యాక్ట్ చెకింగ్‌కీ, డాక్యుమెంటరీలకీ, పాడ్‌కాస్ట్‌లకీ, సంస్థల కమ్యూనికేషన్స్ విభాగాలకీ కావాలి. రిపోర్టింగ్‌లో ఇమడలేకపోయినా చదివింది వృథా పోదు.

సెలవుల్లో చేయాల్సింది ఒకటే. మీకు దగ్గరలో, ఎవరైనా వెళ్లి కూర్చోగలిగే బహిరంగ సమావేశం ఏదైనా చూసుకో. నోట్‌బుక్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా కూర్చో. మాట్లాడిన ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి పేరు, అక్షరం అక్షరం, అడిగి రాసుకో. మొదట్లో సిగ్గేస్తుంది, నాకూ వేసింది. ఇంటికొచ్చి మూడు వందల మాటల్లో వార్త రాయి. మర్నాడు ఆ సమావేశంలో ఉన్న ఒకరికి దాన్ని చూపించి, ఎక్కడ తప్పు రాశానో చెప్పమని అడుగు. వాళ్లు చూపించినవన్నీ ఎర్ర పెన్నుతో దాని మీదే రాసి, ఆ కాగితాన్ని ఫొటో తీసి నాకు పంపు. తిరగరాసి పంపకు, ఆ ఎర్ర గీతలు నాకు కావాలి.