లూప్ వెక్టరైజేషన్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మేము ఉప్పల్‌లో ఉంటాం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను. మా అమ్మాయి ఘట్‌కేసర్ వైపు ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. అందరిలాగా అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సులో చేరమంటే వినడం లేదు. కంపైలర్లలో లూప్ వెక్టరైజేషన్‌ను మెరుగుపరిచే పని నేర్చుకుంటానంటోంది. అర్ధరాత్రి దాటినా అదే ధ్యాస. అదేమిటని అడిగితే, ప్రోగ్రాములు వేగంగా నడిచేలా చేయడం అంటుంది తప్ప వివరంగా చెప్పదు. వచ్చే ఏడాది క్యాంపస్ ప్లేస్‌మెంట్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్‌గా ఉన్న మా మరిది, ఇన్నేళ్ల సర్వీసులో కంపైలర్ ఉద్యోగం చేసేవాళ్లను ఒక్కరినీ చూడలేదంటున్నాడు. ఇందులో బతుకుతెరువు ఉందా? లేక ఇప్పుడే ఆపమనాలా?
– ఒక తల్లి, ఉప్పల్

జవాబు: మీ మరిది చెప్పింది అబద్ధం కాదమ్మా. ఆయన పనిచేసే చోట ఆ ఉద్యోగాలు ఉండవు, అంతే. బ్యాంకులకూ బీమా సంస్థలకూ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే కంపెనీ కంపైలర్‌ను, అంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను, వాడుకుంటుంది గానీ తయారు చేయదు. తయారు చేసేవాళ్లలో ఎక్కువమంది చిప్పులు అమ్మేవాళ్లు. ప్రాసెసర్‌లో ఎంత గొప్ప సర్క్యూట్ పెట్టినా, మామూలు సీ ప్రోగ్రామును ఆ సర్క్యూట్ మీద నడిచేలా మార్చే కంపైలర్ లేకపోతే అది ఊరికే పడి ఉంటుంది. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్ నాలుగింటికీ హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి. క్వాల్‌కామ్ తన హెక్సగాన్ ప్రాసెసర్‌కు ఇచ్చే కంపైలర్, ఏఎండీ తన ప్రాసెసర్లకు ఇచ్చేది, ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్పులది... మూడింటికీ పునాది ఎల్‌ఎల్‌వీఎం అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) కంపైలర్ ప్రాజెక్టే. ఐఐటీ బొంబాయిలో చదివి అమెరికా వెళ్లిన విక్రమ్ ఆద్వే, ఆయన శిష్యుడు క్రిస్ లాట్నర్ 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో దాన్ని పరిశోధనగా మొదలుపెట్టారు. ఒక చోట నేర్చుకున్నది మరో కంపెనీలోనూ అక్కరకొస్తుందని చెప్పడానికి ఈ సంగతి చాలు.

భయపడాల్సిన చోటు వేరే ఉంది. ఈ ఉద్యోగాలు తక్కువ. చాలా కళాశాలల క్యాంపస్‌కు ఈ పేరుతో ఎవరూ రారు. వచ్చే ప్రకటనల్లో చాలా ఎంటెక్‌నో అనుభవాన్నో అడుగుతాయి. కాబట్టి "ఉద్యోగం ఉందా" అని కాదు, మీ అమ్మాయి ఆ ఇరుకు వాకిలి దాటగలదా అని చూడాలి. అది చూడాలంటే ఆ పని ఏమిటో ముందు మీకు తెలియాలి. అమ్మాయి చెప్పలేకపోయింది కాబట్టి నేను చెబుతాను. మీరు లెక్కల టీచర్ కావడం నాకు కలిసొచ్చింది.

మీ తరగతిలో 43 మంది ఉన్నారనుకోండి. అందరికీ ఐదేసి మార్కులు కలపాలి. ప్రోగ్రామర్ దీన్ని లూప్‌గా రాస్తాడు: ఒకరి మార్కు తీసుకో, ఐదు కలుపు, తిరిగి రాయి, తర్వాతివారి దగ్గరకు వెళ్లు. ఉన్నదున్నట్టు నడిపితే 43 సార్లు తిరుగుతుంది. కానీ ఈనాటి లాప్‌టాప్ ప్రాసెసర్లలో 256 బిట్ల వెడల్పున్న రిజిస్టర్లు, అంటే లెక్క చేసేటప్పుడు సంఖ్యలు పెట్టుకునే చిన్న గదులు, ఉంటాయి. మార్కుకు 32 బిట్లు చాలనుకుంటే ఎనిమిది మార్కులు పక్కపక్కనే పడతాయి. ఒకే ఆదేశంతో ఎనిమిదింటికీ ఐదు కలిసిపోతుంది. ఐదు విడతల్లో 40 మంది పూర్తి, మిగిలిన ముగ్గురికీ ఒక్కొక్కరుగా. ప్రోగ్రామర్ రాసింది ఒక్క అక్షరం కూడా మారదు. మార్పంతా కంపైలర్ తనంతట తాను చేస్తుంది. మీ అమ్మాయి అంటున్న లూప్ వెక్టరైజేషన్ ఇదే.

ఎనిమిదేసి కలపడం యంత్రానికి తేలిక. అలా కలిపినా ఫలితం మారదని ముందే నిరూపించుకోవడమే కంపైలర్‌కు కష్టం. ఐదు మార్కులు కలపడంలో ఒకరి లెక్కతో మరొకరికి సంబంధం లేదు, కాబట్టి సరే. అదే లూప్ ఒక్కొక్కరి దగ్గరా అప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని రాస్తూ పోతుంటే? ఏడో మనిషి లెక్క తేలితే గానీ ఎనిమిదో మనిషిది తేలదు. రాసింది రాసినట్టు ఎనిమిదేసి తీసుకుంటే తప్పు జవాబు వస్తుంది. ఇంకో చిక్కు: సీ భాషలో ఒక ఫంక్షన్‌కు రెండు జాబితాలు ఇస్తే, రెండు పేర్లూ మెమరీలో ఒకే చోటును చూపిస్తున్నాయేమో కంపైలర్‌కు తెలియదు. తెలియనప్పుడు నడిచే సమయంలో తనిఖీ పెట్టుకోవాలి, లేదా వదిలేయాలి.

అన్నిటికన్నా మీకు నచ్చే చిక్కు దశాంశ సంఖ్యలది. సీ భాషలో ఫ్లోట్ అనే రకానికి 32 బిట్ల చోటుంటే, అంకెల ఖచ్చితత్వానికి దక్కేది 24 బిట్లే. 2 యొక్క 24వ ఘాతం 1,67,77,216. దానికి 1 కలపండి. 1,67,77,217 రావాలి. ఫ్లోట్‌లో ఆ సంఖ్యకు చోటు లేదు, అందుకని మళ్లీ 1,67,77,216 దగ్గరే ఆగుతుంది. ఇంకొక 1 కలిపినా అంతే, నాలుగుసార్లు కలిపినా అంతే. ఈసారి ముందు నాలుగు ఒకట్లనూ కలిపి 4 చేసి, ఆ 4ను ఒక్కసారే కలపండి: 1,67,77,220 వస్తుంది. తరగతిలో మీరు చెప్పే సహచర ధర్మం ఇక్కడ చెల్లదు. ఇప్పుడు ఫ్లోట్ల జాబితాను కూడే లూప్‌ను వెక్టరైజ్ చేయాలంటే ఎనిమిది పాక్షిక మొత్తాలు విడివిడిగా చేసి, చివరలో కలపాలి. అంటే కూడిక క్రమం మారుతుంది, జవాబూ మారవచ్చు. అందుకే ప్రోగ్రామర్ ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప కంపైలర్ ఆ పనికి పూనుకోదు. పూర్ణాంకాలైతే అడగకుండానే చేసేస్తుంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఈ వృత్తి ప్రోగ్రాములు గబగబా రాసేవాళ్లది కాదు. మీ సబ్జెక్టుకు, అంటే నిరూపణకు, దగ్గరగా ఉండే పని. కంపైలర్ ఆప్టిమైజేషన్‌కు పునాదులు వేసినవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ అలెన్ కూడా బడిలో లెక్కలు చెప్పిన మనిషే. చదువు అప్పులు తీర్చుకోవడానికి 1957లో ఐబీఎంలో చేరి, అప్పు తీరగానే మళ్లీ బడికి వెళ్దామనుకున్నారు. 2002లో రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. 2006లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్న తొలి మహిళ ఆమే. మీ ఇంట్లో ఈ పేరు వినబడిందో లేదో!

ఇక అమ్మాయికి ఆ తత్వం ఉందా అన్నది. ఆమెను ఒక లూప్ తీసుకోమనండి. పాఠ్యపుస్తకంలోది వద్దు, ఏదైనా నిజమైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములోది, కంపైలర్ వెక్టరైజ్ చేయకుండా వదిలేసినది. ఎందుకు వదిలేసిందో క్లాంగ్ (ఎల్‌ఎల్‌వీఎం మీద కట్టినది), జీసీసీ అనే రెండు ఓపెన్ సోర్స్ కంపైలర్లూ అడిగితే చెబుతాయి. "దశాంశ కూడికల క్రమం మార్చడం సురక్షితమని నిరూపించలేకపోయాను" అన్న అర్థం వచ్చే సందేశం ఆమె ఇప్పటికే చూసి ఉంటుంది. ఆ లూప్‌ను పది పన్నెండు వరుసలకు కుదించి, కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీని (ప్రాసెసర్ ఆదేశాల జాబితాను) ఒక్కొక్క వరుస చదివి, కారణాన్ని ఒక పేజీలో రాసి మీకు చూపించమనండి. మీకు అసెంబ్లీ రానక్కర్లేదు. ఆ పేజీలో వాదన ఎక్కడ తెగిందో మీ కంటికి తెలిసిపోతుంది. ఒక్క లూప్ మీద వారం రోజులు కూర్చున్నాక మరో లూప్ అడిగితే ఆమెను ఆపకండి. రెండో రోజే విసుగెత్తి వీడియోలు చూడటం మొదలుపెడితే అదీ మంచి సమాచారమే, ఏడాది మిగిలింది.

"మెరుగుపరచడం" అన్న మాట విషయంలో మాత్రం ఆమెను కాస్త నేల మీదకు దించాలి. ఎల్‌ఎల్‌వీఎం వెక్టరైజర్‌లో, అంటే ఈ పని చేసే భాగంలో, మొదటి ఏడాదే పెద్ద మార్పు చేస్తానంటే అది ఉత్సాహమే తప్ప ప్రణాళిక కాదు. చేయగలిగినవి వేరే ఉన్నాయి. వెక్టరైజ్ చేయడం సాధ్యమైనా లాభమా అన్నది కంపైలర్ ఒక అంచనా లెక్కతో తేలుస్తుంది. ఆ లెక్క చాలాసార్లు గురి తప్పుతుంది. జాబితా మెమరీలో చెల్లాచెదురుగా ఉంటే ఎనిమిదింటిని ఏరుకురావడానికే కాలమంతా పోతుంది. లూప్ తిరిగేది నాలుగైదు సార్లే అయితే సన్నాహమే దండగ. జీసీసీ 2022లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఎక్కువమంది వాడే ఓ2 అనే మామూలు ఆప్టిమైజేషన్ స్థాయిలోనే వెక్టరైజేషన్ మొదలుపెట్టింది, అదీ చాలా జాగ్రత్త లెక్కతో. "కావలసింది దొరకగానే ఆగు" అనే లూపులైతే ఇంకా తలనొప్పి. ఎనిమిదేసి చదువుతూ పోతే ఆగాల్సిన చోటు దాటి, చదవకూడని మెమరీని తాకే ప్రమాదం ఉంది. ఇటువంటి చోట తప్పు అంచనాను పట్టుకుని, చిన్న ఉదాహరణతో బగ్ రిపోర్టు రాయడం, దానికి పరీక్ష జోడించడం మూడో సంవత్సరం విద్యార్థికి అందే పని. మొదటి ప్యాచ్‌కు (కోడ్‌లో ప్రతిపాదించిన మార్పుకు) అనుభవజ్ఞుల నుంచి అభ్యంతరాల వర్షం కురుస్తుంది, ఆమోదానికి వారాలు పడుతుంది. అప్పుడు ఆమె ముఖం చిన్నబుచ్చుకుంటే కంగారు పడకండి. కొత్తవాళ్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసేలా గూగుల్ నడిపే సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఎల్‌ఎల్‌వీఎం, జీసీసీ రెండూ ఏళ్లుగా పాల్గొంటున్నాయి. దానికి దరఖాస్తు చేసేనాటికి ఇలాంటి చిన్న పనులు రెండు మూడు చేతిలో ఉండాలి.

"నా లూప్ ఎనిమిది రెట్లు వేగమైంది" అని ఏదో ఒక రోజు గంతులేస్తూ వస్తుంది. అప్పుడు అడగండి: మొత్తం ప్రోగ్రాములో ఆ లూప్ వాటా ఎంత? వంద నిమిషాల్లో ఆ లూప్‌కు పట్టేది 20 అయితే, ఎనిమిది రెట్ల వేగంతో అది రెండున్నర నిమిషాలవుతుంది, మొత్తం 82.5. ఇంటర్వ్యూలో అడిగేదీ ఇదే. ఏ యంత్రం మీద కొలిచావు, ఎంత పెద్ద జాబితాతో, జవాబు మారలేదని ఎలా చూసుకున్నావు అని కూడా అడుగుతారు.

ప్లేస్‌మెంట్లు వదులుకుంటానంటే మాత్రం గట్టిగా వద్దనండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. క్యాంపస్‌లో ఏ మంచి ఉద్యోగం వచ్చినా తీసుకోవాలి. రాత పరీక్షల్లో అడిగే డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు కంపైలర్ కంపెనీలకూ కావాలి, కాబట్టి ఆ సాధన వృథా కాదు. ఫుల్‌స్టాక్ కోర్సు ఇప్పుడు తప్పనిసరేమీ కాదు. అమీర్‌పేటను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు, ఆ గల్లీల్లో నేర్చుకుని నిలదొక్కుకున్న కుటుంబాలు ఎన్నో. కానీ కంపైలర్ ప్రాజెక్టును రెడీమేడ్‌గా, రిపోర్టుతో సహా అమ్ముతామనే దుకాణాల మెట్లెక్కవద్దు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

దీనితో పాటు గేట్ కూడా రాయించండి. మూడో సంవత్సరంలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్ సిలబస్‌లో కంపైలర్ డిజైన్ ఉంది. వెక్టరైజేషన్ లేదు గానీ, దానికి ముందు రావలసిన డేటా ఫ్లో విశ్లేషణ (ప్రోగ్రాములో విలువలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో చూడటం) ఉంది. మంచి స్కోరు వస్తే సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌వీఎం మీద పరిశోధన జరుగుతోంది, దూరం వెళ్లాల్సిన పనే లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయిల్లో కూడా కంపైలర్ పరిశోధకులు ఉన్నారు. నా ఓటు ఎంటెక్‌కే. బీటెక్‌తో నేరుగా ఈ రంగంలోకి వెళ్లేవాళ్లు లేకపోలేదు, కానీ తోవ చూపే గురువు దొరికితే అడ్డదారుల్లో పోయే కాలం తగ్గుతుంది. ఒకవేళ కంపైలర్ ఉద్యోగమే దొరకలేదనుకోండి. ప్రాసెసర్ లోపల ఏం జరుగుతుందో తెలిసిన మనిషి వీడియో, సిగ్నల్ ప్రాసెసింగ్, ఎంబెడెడ్ రంగాల్లో కూడా పనికొస్తుంది.

లాప్‌టాప్ గురించి అడగలేదు, కానీ త్వరలోనే ఆమె అడుగుతుంది. ఎల్‌ఎల్‌వీఎంను సొంతంగా బిల్డ్ చేయడానికి, అంటే దాని కోడ్ నుంచి కంపైలర్‌ను తయారు చేసుకోవడానికి, 8 జీబీ మెమరీ ఇబ్బంది పెడుతుంది, 16 ఉంటే నయం. కొత్తది కొనేముందు ఉన్నదానికే మెమరీ పెంచవచ్చేమో చూడండి. తప్పులు వెతకడానికి అదనపు సమాచారం మోసే డీబగ్ బిల్డ్ కాకుండా మామూలు వాడకానికి ఉద్దేశించిన రిలీజ్ బిల్డ్, అదీ ఒక్క ప్రాసెసర్ రకానికే చేసుకుంటే పాత యంత్రంతో కూడా నెట్టుకురావచ్చు.

రెజ్యూమె రాసేటప్పుడు "కంపైలర్లంటే ఆసక్తి" అన్న వాక్యం కొట్టేయమనండి. దాని బదులు ఏ లూప్, ఏ కంపైలర్ ఏ వెర్షన్, ఎందుకు వెక్టరైజ్ కాలేదు, తాను ఏం చేసింది, కొలత ఎంత అన్నది రెండు వరుసల్లో రాసి, పక్కన బగ్ రిపోర్టు లింకు పెట్టమనండి.