పోర్టల్‌లో ‘పే నౌ’ కనిపించగానే నొక్కేయకు చెల్లెమ్మా

ఇక్కడ అమెరికాలో డాక్టర్ ఆఫీసువాళ్లు మైచార్ట్‌లో, అంటే మన వైద్య వివరాలూ బిల్లులూ చూసుకునే ఆన్‌లైన్ పోర్టల్‌లో చేరమంటున్నారు, చేరాలా వద్దా అని అడిగావు. నిక్షేపంగా చేరు. అపాయింట్‌మెంట్లు, మందుల రీఫిల్స్, పిల్లల టీకాల వివరాలు అన్నీ ఒకేచోట ఉంటాయి. ఫోన్లో వాళ్ల యాస మనకూ, మన యాస వాళ్లకూ అర్థంకాక పడే అవస్థ తప్పుతుంది. డబ్బు దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. మీ కొత్తవాళ్లు అక్కడే దొరికిపోతారు, ఒకప్పుడు నేనూ అంతే.

అమెరికా వచ్చిన కొత్తలో మా ఆయన కంపెనీ మారారు, దాంతో ఇన్సూరెన్సూ మారింది. కొత్త కార్డు పర్సులో పెట్టుకు తిరిగానే గానీ పోర్టల్లో మార్చాలని తట్టలేదు. పాపకు చెవిపోటు వస్తే చూపించుకొచ్చాం. కొన్నాళ్లకు పోర్టల్ తెరిస్తే కోపే (ప్రతి విజిట్‌కీ మనం కట్టే చిన్న వాటా) కాదు, మొత్తానికి మొత్తం బిల్లు! కిందే ‘పే నౌ’ బటన్. మన పెంపకం తెలుసుగా, ఒకరికి బాకీ ఉన్నామంటే నిద్రపట్టదు. ఆ రాత్రే క్రెడిట్ కార్డుతో కట్టేసి హాయిగా పడుకున్నాను. బిల్లు పాత ఇన్సూరెన్స్‌కే వెళ్లిందనీ, వాళ్లు మాకు సంబంధం లేదన్నారనీ, అందుకే అంతా మా నెత్తిన పడిందనీ తర్వాత తెలిసింది. ఇక బిల్లింగ్‌వాళ్లు ఇన్సూరెన్స్‌ని అడగమంటారు, వాళ్లేమో వీళ్లని అడగమంటారు. నెలల తరబడి వెంటపడి కట్టిన డబ్బుకి చెక్కు తెప్పించుకున్నాను, వదుల్తానా!

ఇప్పుడు ఈవోబీ, అంటే ఇన్సూరెన్స్‌వాళ్లు ఎంత కట్టారో, మనమెంత కట్టాలో చెప్పే కాగితం, రానిదే పైసా కట్టను. దాని మీద ‘ఇది బిల్లు కాదు’ అనే ఉంటుంది, కానీ మన వాటా ఎంతో తేలేది అందులోనే. అందులోని అంకే, పోర్టల్ బిల్లులోని అంకే కలవకపోతే ఐటమైజ్డ్ బిల్లు (దేనికెంతో విడివిడిగా రాసింది) అడుగు, మొహమాటపడకు.

పోర్టల్ మెసేజ్ అంటే వాట్సాప్ అనుకునేవు. డాక్టర్ ఐదు నిమిషాలకు మించి కూర్చోవాల్సిన ప్రశ్నకు కొన్నిచోట్ల ఛార్జీ పడుతుంది. క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రి 2022 నవంబరులోనే ఇలా వసూలు చేయడం మొదలుపెట్టింది. అపాయింట్‌మెంట్‌కీ రీఫిల్‌కీ అయితే భయంలేదు.

2021 ఏప్రిల్ నుంచి వచ్చిన రూల్ వల్ల టెస్టు రిపోర్టులు చాలాసార్లు డాక్టర్ చూడకముందే మనకు కనిపిస్తున్నాయి. శుక్రవారం రాత్రి ఏదో అంకె ఎర్రగా కనిపించిందని గూగుల్ చేసి ఈఆర్‌కి (ఎమర్జెన్సీకి) పరిగెత్తకు. ఆ బిల్లు చూశాక వస్తుంది అసలు బీపీ. ముందు నర్స్ లైన్‌కి, అంటే ఫోన్లో నర్సు సలహా చెప్పే నంబరుకి ఫోన్ చెయ్యి. గుండెనొప్పో ఆయాసమో ఉంటే మాత్రం ఆలోచించకుండా వెళ్లు, డబ్బు తర్వాత చూసుకోవచ్చు.

పోర్టల్లో పాప ఖాతాకి ప్రాక్సీగా (పాప తరఫున చూసేవాళ్లుగా) నీ పేరూ మీ ఆయన పేరూ రెండూ పెట్టించు. టీనేజ్‌లోకి వచ్చాక తల్లిదండ్రులకు కొన్ని వివరాలు కనపడవు, ఆ రూల్స్ మీ స్టేట్‌లో ఎలా ఉన్నాయో చూసుకో.